బ్రాకెట్‌కి ముందు ఖాళీ

ఆ ఉదయం పైడిబాబు పెట్టుకున్న పని ఒక్కటే. పోయినవాళ్ళ ఫోల్డరుకి తాళం వెయ్యాలి.

పోయినవాళ్ళకి తాళమేమిటని అడిగేవాళ్ళు ఫ్లెక్సు షాపులో ఎప్పుడూ పని చేసి ఉండరు. అనకాపల్లి ధనశ్రీ గ్రాఫిక్స్‌లో పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, నాయకుల స్వాగతాలు, కన్నీటి నివాళులు అన్నీ తయారవుతాయి. మొదటి మూడింటికీ మంచిరోజులు రావాలి. చివరిది ఏడాది పొడుగునా ఉంటుంది. షాపు అద్దె నివాళుల మీదే గడుస్తోందని యజమాని త్రినాధరావు ఒక్కోసారి నోరు జారి, వెంటనే లెంపలు వేసుకుంటాడు. ఆ నివాళుల విభాగం మొత్తం పైడిబాబుది.

సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో ఆయన ప్రెస్సులో చేరాడు. ప్రెస్సు మూతబడితే కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ నేర్చుకున్నాడు. డీటీపీ సన్నగిల్లితే ఫ్లెక్సుల్లోకి వచ్చాడు. తను నేర్చుకోవడం పూర్తయ్యేసరికి ఆ పని కాస్తా అంతరించిపోవడం ఆయనకి అలవాటైపోయింది. ఇప్పుడు పొద్దస్తమానం పోయినవాళ్ళ ముఖాల మీద మరకలు తుడిచి, చెదిరిన జుట్టు దువ్వి, తల వెనక వెలుగు పెడుతూ కూర్చుంటాడు. ఆ పని ఇంటిదాకా వెంట రావడంతో ఆయన నవ్వు కూడా మానేశాడు. "మీ మొకానికి దండొక్కటే తక్కువండి," అంటుంది భార్య చిన్నమ్మలు, కంచంలో అన్నం పెడుతూ.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కస్టమర్లకి చూపించే నివాళి నమూనాలో ఎవరిదో ఒకరి ఫోటో ఉండాలి. ఎవరిని అడిగినా చెవులు మూసుకుని పారిపోయారు. త్రినాధరావైతే "నాకింకా పిల్ల చదువుంది" అన్నాడు. చివరికి పైడిబాబు తన ఫోటోయే పెట్టుకున్నాడు. కొత్త ఆర్డరు వచ్చినప్పుడల్లా తనని తీసేసి ఆ పోయినాయన్ని పెడతాడు. పని అయ్యాక నమూనాలో మళ్ళీ ఆయనే ఉంటాడు.

ఇక తాళం సంగతి. శుభలేఖలు చేసే సుప్రియకి పెళ్ళి కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న మర్నాడే ఆమె తల్లి ఉమాదేవి షాపుకి వచ్చి త్రినాధరావు ఎదురుగా కూర్చుంది. "మూడుముళ్ళూ పడే దాకా పోయినోళ్ళ మొకాలు మా పిల్ల టీవీలోకి రాకూడదు బాబూ. అలాగైతేనే పనికి పంపుతాను." కంప్యూటరుని ఆవిడ టీవీ అంటుంది. త్రినాధరావుకి సుప్రియ లాంటి పనిమంతురాలు ఆ జీతానికి మళ్ళీ దొరకదు. అందుకని వెంటనే ఒప్పుకున్నాడు.

ఫోటోలన్నీ వెనక గదిలో ఉన్న పెద్ద కంప్యూటరులో ఉంటాయి. షాపులోని సిస్టమ్‌లన్నీ వైరు మీదుగా అందులోని ఫోల్డర్లనే తెరుస్తాయి. దాన్ని బిగించి వెళ్ళింది త్రినాధరావు మేనల్లుడు మోహిత్. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఏ సిస్టమ్‌కి ఆ పేరు ఉండాలని, కూర్చునే మనిషి పేరే పెట్టాడు. పైడిబాబు ముందున్నది పైడి. సుప్రియ ముందున్నది సుప్రియ. అద్దె తక్కువని ఫ్లెక్సులు ముద్రించే మిషను సబ్బవరంలో పెట్టారు కాబట్టి, అక్కడ లావణ్య ముందుండి, నెట్ మీద ఈ ఫోల్డర్లు తెరిచేది సబ్బవరం. అప్పట్నుంచి షాపులో మాటలు విచిత్రంగా తయారయ్యాయి. "సుప్రియకి వైరస్ వచ్చింది", "పైడిని ఆపేసి మళ్ళీ లేపండి" అని అరుచుకుంటూ ఉంటే శుభలేఖల కోసం వచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

ఉదయం షాపు తెరవగానే మోహిత్ ఫోను చేశాడు. మీటింగుకి టైమైపోతోందట. "అంకుల్, వెనక గదిలో సిస్టమ్ మీద ఇక్కణ్ణుంచే ఫైల్ ఒకటి తెరిచి పెట్టేను. అందులో ఒకే ఒక్క లైను కొట్టాలి. ముందు ఫోల్డరు పేరు. స్పేస్. తరవాత సబ్బవరం అని కొట్టండి. దానికి బ్రాకెట్ వద్దు. బ్రాకెట్ లేనోళ్ళు చూడ్డమే, రాయడానికుండదు. తీసుకుని ప్రింటు కొట్టుకోడానికి లావణ్యకి అది చాలు. మళ్ళీ స్పేస్. పైడి అని కొట్టి, బ్రాకెట్లో ఆర్ డబ్ల్యూ. అంటే పైడి చూడొచ్చు, రాయొచ్చు."

"మరి సుప్రియో?"

"ఆ పేరే వద్దు. లైన్లో పేరు లేని సిస్టమ్‌కి ఫోల్డరే తెరుచుకోదు. ఫైల్ సేవ్ చేసి ఒకసారి రీస్టార్ట్ కొట్టండి. ఉంటాను అంకుల్."

పైడిబాబు ఎంతో శ్రద్ధగా కొట్టాడు. పైడి అని పూర్తవగానే ఆయన బొటనవేలు దానంతట అదే వెళ్ళి ఖాళీ మీట నొక్కింది. ఆ తర్వాతే బ్రాకెట్ తెరిచాడు.

అందులో ఆయన తప్పేమీ లేదు. పేరుకీ బ్రాకెట్‌కీ మధ్య గాలాడాలని ప్రెస్సులో పని నేర్పిన పెద్దాయన తల మీద మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. చిరంజీవి ఫలానా, పక్కన బ్రాకెట్లో బుజ్జి అని శుభలేఖల్లో ముద్దుపేర్లు వేస్తారు కదా. ఆ బ్రాకెట్ పేరుకి అతుక్కుపోయిందంటే బుజ్జిగాడు చిరంజీవి నెత్తినెక్కి కూర్చున్నట్టే లెక్క. అలా అతుక్కున్న కార్డుల కట్టలు పైడిబాబు పొయ్యిలో పెట్టించిన రోజులున్నాయి. ఈ షాపులో ఆయన పట్టిన తప్పుల్లో సగం అవే. కాబట్టి లైను ఓసారి చూసుకుని, ఖాళీ సరిగ్గానే ఉందని తృప్తిపడి, రీస్టార్ట్ కొట్టాడు.

తర్వాత తన సీటులోకి వచ్చి ఆ రోజు ఆర్డరు ముందుకు లాక్కున్నాడు. సబ్బవరంలో ఎర్రిబాబు అనే పెద్దమనిషి పోయాడు. రేపే పెద్దకర్మ. ఇవాళ మధ్యాహ్నానికల్లా అక్కడి జంక్షనులో ఫ్లెక్సులు కట్టాలి. నమూనా తెరిచి కింద వరసలో ముందు కుటుంబసభ్యుల పేర్లు కొట్టాడు. కుమారుడు తాతబ్బాయి, కోడలు గంగాభవాని, మనవలు, మనవరాళ్ళు. ఎర్రిబాబు ఫోటో ఇంకా స్కాన్ చెయ్యలేదు, టేబుల్ మీద కవర్లోనే ఉంది. ఈలోగా చేసినంతవరకూ సేవ్ చేద్దామని మీట నొక్కాడు.

మీకు రాయడానికి అనుమతి లేదు, అంది సిస్టమ్.

ఇంకోసారి నొక్కాడు. అదే మాట. సిస్టమ్ ఆపి లేపాడు. అది తీరిగ్గా లేచి మళ్ళీ అదే చెప్పింది.

"సుప్రియమ్మా, నీ సిస్టమ్‌లో నివాళి ఫోల్డరు తెరుచుకుంటందేటో సూడు."

"అమ్మో, మా అమ్మ చంపేత్తాది బాబాయ్."

"తెరుచుకోకూడదు. తెరుచుకోదనే సూడమంటన్నాను."

సుప్రియ ముఖం పక్కకి తిప్పుకుని నొక్కింది. ఫోల్డరు తెరుచుకుంది. ఖాళీ ఫైల్ ఒకటి పెట్టి చూస్తే అది కూడా నిక్షేపంగా సేవ్ అయింది. ఆమెకి అంతా బాగానే ఉన్నట్టనిపించి, చున్నీ సర్దుకుని తన శుభలేఖలోకి వెళ్ళిపోయింది.

పైడిబాబు కదలకుండా కూర్చున్నాడు. పేరు లేని పిల్లకి రాయడానికి ఉంది. పేరున్న తనకి లేదు. మోహిత్ దూరం నుంచే ఏదో చేశాడు. మోహిత్ తనంతట తను చెయ్యడు, మేనమామ చెయ్యమంటేనే చేస్తాడు. నిన్న సాయంత్రం వాన తగ్గేదాకా మెట్ల కింద నిలబడినప్పుడు, పైన త్రినాధరావు ఫోనులో అన్న మాటలు ఆయన చెవిలో పడ్డాయి. "పైడితో ఇంక లాభం లేదురా. మెమొరీ సాల్దు, స్పీడు లేదు. నెలాఖరుకి తీసేద్దాం. మనసొప్పదు గానీ, ఏటి సేత్తాం." ఆ మాటలు సిస్టమ్ గురించి అనుకుని నిన్న ఊరుకున్నాడు. సిస్టమ్‌ని తీసెయ్యడానికి మనసొప్పకపోవడం ఏమిటి అని ఇప్పుడు తట్టింది.

ఈ వయసులో అనకాపల్లిలో తనకి ఇంకో షాపులో సీటు ఎవరిస్తారు? అన్ని షాపుల్లోనూ చురుకైన పిల్లలున్నారు. వాళ్ళు బ్రాకెట్లు ఎలా పెడతారో ఆయనకి తెలుసు, ఎంత వేగంగా పెడతారో కూడా తెలుసు. నేరుగా అడిగేద్దామని లేచి త్రినాధరావు గదిలోకి వెళ్ళాడు. తీరా వెళ్ళాక 'నన్ను' అనడానికి నోరు రాలేదు.

"బాబూ, పైడిని తీసేత్తన్నారా?"

త్రినాధరావు ఫ్లెక్సు గుడ్డ అమ్మేవాడితో ఫోనులో బేరమాడుతూ, చేత్తో ఫోను మూసి తలెత్తాడు. "నీకెవులు సెప్పేరు? మోహిత్‌గాడు నోట్లో మాట దాసుకోలేడు. నెలాఖరుకి నానే సెప్దావనుకున్నాను."

"అంటే నిజవే."

"ఎన్నాళ్ళు లాగుతావు పైడీ? సేసిన సేవ సాలు. నీక్కూడా రెస్టుగా ఉంటాది," అని త్రినాధరావు నవ్వి, మళ్ళీ బేరంలోకి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వే పైడిబాబు ప్రాణాన్ని తోడేసింది. కోప్పడి పంపించినా బాగుండేది. సీటులోకి తిరిగి వచ్చాడు. తెర మీద కన్నీటి నివాళి అలాగే ఉంది. పైన వెలుగులో తన ఫోటో, కింద ఎర్రిబాబు కుటుంబం. పేరు చోటు ఖాళీ. ఆయన నెమ్మదిగా అక్కడ కీర్తిశేషులు పైడిబాబు, పక్కన ఖాళీ విడిచి, బ్రాకెట్లో పైడి అని కొట్టాడు. కింద ఇంకో వరస చేర్చాడు: "చెప్పకుండానే మమ్మల్ని వదిలి వెళ్ళిపోయావా." చెప్పకుండా పంపించేసిందెవరో వాళ్ళకే తెలియాలి. ఎలాగూ సేవ్ అవదు కదా. ఏ ఫోల్డరులోకీ వెళ్ళలేని ఆ నివాళి కాసేపు తెర మీద వెలుగుతూ ఉంటే చాలనిపించింది. అది చూస్తూ ఆయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత గొడుగు తీసుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి సుప్రియతో, "నాకు అధికారం లేదమ్మా. ఇంక నువ్వే సూసుకో," అన్నాడు. ఆ మాటల్లో ఎంత బరువు పెట్టాడో ఆయనకే తెలుసు. సుప్రియకి మాత్రం, పని అయిపోయింది, సేవ్ అవట్లేదు, నువ్వు సేవ్ చేసి పంపు అని అర్థమైంది. వీధిలోకి దిగాక ఆయన ఫోను కూడా ఆపేశాడు.

ఆ తర్వాత షాపులో జరిగింది ఆయనకి సాయంత్రానికి గాని తెలియలేదు. మనం ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. సబ్బవరం నుంచి లావణ్య ఫోను చేసి, మిషను ఖాళీగా ఉంది, ఎర్రిబాబు గారి నివాళి ఏదని గొడవపెట్టింది. సుప్రియ పైడిబాబు సీటు దగ్గరికి వెళ్ళి, చున్నీతో కళ్ళు కప్పుకుని, సందులోంచి మీట మాత్రం కనపడేలా చూసుకుంటూ, తెర మీదున్నదాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. తన సిస్టమ్ నుంచి నివాళి ఫోల్డరులో పెట్టింది. పోయినవాళ్ళ వైపు కన్నెత్తి చూడకుండా పని పూర్తి చేసినందుకు తల్లికి ఫోను చేసి మరీ చెప్పింది. లావణ్య వచ్చినదాన్ని వచ్చినట్టు ముద్రించింది. కట్టే కుర్రాళ్ళు పై అంచు ఏదో, కింది అంచు ఏదో చూసుకున్నారు. అంతకన్నా వాళ్ళు చూడాల్సిందీ లేదు.

పైడిబాబు సబ్బవరం బస్సెక్కాడు. చిన్నమ్మలు అన్నగారు సత్తియ్య ఆ ఊరి బయట చెరకు వేస్తాడు. బావ దగ్గర తోటకి కాపలా పనైనా దొరుకుతుందేమో అడుగుదామని ఆలోచన. కిటికీలోంచి జల్లు కొడుతున్నా మూసుకోవాలనిపించలేదు. దారి పొడుగునా ఎవరెవరో నాయకులు స్తంభాల మీద నుంచి చేతులెత్తి దండం పెడుతున్నారు. చెరకు తోటలో సీసపు అక్షరాలు నేర్చిన మనిషి ఏం చేస్తాడని మధ్యలో ఒకసారి సందేహం వచ్చింది. బస్సు మాత్రం ఆగలేదు.

జంక్షనులో దిగి గొడుగు విప్పబోతూ తలెత్తాడు. రోడ్డుకి అవతల, రెండు కర్రల మధ్య, ఇల్లంత పొడుగున తనే ఉన్నాడు. తల వెనక వెలుగుంది. కింద కీర్తిశేషులని ఉంది.

చాలాసేపు అలాగే నిలబడ్డాడు. భయం ముందు రాలేదు. పేరుకీ బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ బాగా వచ్చిందనిపించింది, ఆ తర్వాత వచ్చింది భయం. రోడ్డు దాటి దగ్గరికి వెళ్ళాడు. ఫ్లెక్సు కింద జల్లు పడకుండా చేపల గంప పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. పక్కన బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఫోనులు చూసుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తి పైకి చూడటంలేదు. చేపలావిణ్ణి ఎవరో "లోవమ్మా" అని పిలిచి బేరమాడి పోయారు. ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు పైడిబాబు గొంతు సవరించుకున్నాడు.

"ఎవులమ్మా ఈయన?"

లోవమ్మ మెడ వెనక్కి వంచి ఫోటోని చూసింది. ఆయన్నీ చూసింది. "ఎవులో పోయేరు బాబూ. పెద్దింటోడిలాగున్నాడు, మొకం కళగుంది. నీకేటవుతాడు?"

"తెలిసినోడే."

"అయ్యో. మంచోడే అయ్యుంటాడులే. సూడు, ఇక్కడ సుక్క పడట్లేదు," అని ఆవిడ గంప ఇంకొంచెం లోపలికి జరుపుకుంది.

బతికుండగా తన గురించి ఎవరూ అంత మంచి మాట అనలేదని పైడిబాబుకి అనిపించింది. తన ముఖాన్నీ ఫోటోనీ పక్కపక్కన పెట్టి చూసినా ఆవిడ పోల్చుకోలేదన్న సంగతి ఆ వెంటనే గుచ్చుకుంది. ఆపేసిన ఫోను తెరిచాడు. తెరవగానే మోగింది. ఇంటి నంబరు.

"ఎవులు?" అంది చిన్నమ్మలు. గొంతు బొంగురుపోయి ఉంది.

"నానేనే."

చిన్నమ్మలు ముక్కు చీదింది. "మీరు పోయేరంట గదా."

"లేదే. సబ్బవరంలో ఉన్నాను."

"అయితే నిజవేనన్నమాట," అంది చిన్నమ్మలు. గొంతులో బొంగురు పోయి కరుకు వచ్చింది. "అన్నయ్య ఫ్లెక్సీ సూసి ఫోన్ సేసేడు. పోయేరంటే ఏడిసేను. నా తల నేలకేసి కొట్టుకున్నాను. తరవాత అన్నయ్య కింద పేర్లు సదివేడు. కొడుకు తాతబ్బాయి, కోడలు గంగాభవాని, మనవలు, మనవరాళ్ళు. సబ్బవరంలో ఎప్పట్నుంచండి?"

"అది మనదిగాదే, నమూనా..."

"ఆవిడ పేరు నమూనానా?" అని ఫోను పెట్టేసింది.

పైడిబాబు ఎదురుగా కదులుతున్న బస్సునే పట్టుకుని వెనక్కి వచ్చాడు. అనకాపల్లి గవరపాలెంలో తన వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. సత్తియ్య చేతికి పని దొరికితే ఆగే మనిషి కాదు. చెల్లెలు ఏడుస్తుంటే చూడలేక, ముందు షామియానాకి చెప్పి, మోటారుసైకిలు మీద వచ్చి దగ్గరుండి వేయించాడు. పోయినాయన ఫోనులో పలికాడని చెల్లెలు చెప్పినా, వేసినవాళ్ళకి తిండి పెట్టకుండా ఎలా తీసెయ్యమంటామని అలాగే ఉంచాడు. ఆ కబురు బయటికి పాకలేదు, జనం మాత్రం వస్తూనే ఉన్నారు. వాళ్ళందరూ లోపలికి తొంగి చూస్తున్నారు తప్ప, వెనక గొడుగు ముడుస్తున్న మనిషిని ఎవరూ పట్టించుకోలేదు.

అరుగు మీద త్రినాధరావు తల పట్టుకుని కూర్చున్నాడు. సత్తియ్య షాపుకి చేసిన ఫోను ఆయనే ఎత్తి, కబురు విని, ఫోల్డరు చూసి, చెప్పకుండా వెళ్ళిపోయావా అన్న వరస చదివి, పైడిబాబు ఫోను ఆపేసి ఉండటం తలుచుకుని పరుగెత్తి వచ్చాడు. ఎవరూ అడక్కుండానే చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పుకుపోతున్నాడు. "పొద్దున్నే నా గదిలోకొచ్చేడు. పైడిని తీసేత్తన్నారా అన్నాడు. ఆ డబ్బా గురించనుకున్నాను. పాత సిస్టమ్ తీసేసి కొత్తది కొందావని, సెప్తే వద్దంటాడని దాసేను. ఈయన లేకపోతే నా షాపేటండీ? అచ్చుతప్పు పట్టాలంటే ఈ జిల్లాలో పైడిబాబు తరవాతే ఎవులైనా."

పైడిబాబు గుండె ఎంత తేలికైందో చెప్పలేం. ఇంకొన్ని మాటలు విందామని షామియానా కర్ర చాటుకి తప్పుకున్నాడు. అక్కడే, గడప తొక్కకుండా దూరంగా నిలబడ్డ సుప్రియ కనపడింది. ఆమె కెవ్వుమని, వెంటనే చున్నీతో కళ్ళు కప్పుకుంది. పక్కనే ఉన్న ఉమాదేవి కూతురి ముఖం తన వైపు తిప్పేసుకుని, "సూసేసేవా? ఎంతలాగ సూసేవే?" అని ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు అందరూ తిరిగారు. సత్తియ్య వచ్చి బావ చెయ్యి పట్టి గిల్లి చూశాడు. త్రినాధరావు లేచి, కావలించుకుని, వదిలి, కోపం తెచ్చుకుని, మళ్ళీ కావలించుకున్నాడు. చిన్నమ్మలు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ చూపు మొగుడి మీద లేదు. ఆయన వెనక చూస్తోంది. ఎవరో ఒకాయన గుండు చేయించుకుని ఉన్నాడు. చేతిలో ఫోటో కవరు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు.

"ధనశ్రీ గ్రాఫిక్స్ ఓనరు ఎవులండీ ఇక్కడ? షాపుకెళ్తే ఈ కవరు టేబుల్ మీదే పడుంది. ఓనరు ఇక్కడున్నారన్నారు."

"నువ్వెవులు బాబూ?" అంది చిన్నమ్మలు.

"తాతబ్బాయినండి. సబ్బవరం."

చిన్నమ్మలు మెట్టు మీద కూలబడింది. ఆడవాళ్ళు ఆవిణ్ణి పట్టుకున్నారు. గుండు కూడా చేయించుకున్నాడే అని ఎవరో గుసగుసలాడారు. తాతబ్బాయికి ఆ గోలేమీ అర్థం కాక పైడిబాబు వైపు తిరిగాడు. ఆయన ముఖం చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరేనా? మా నాన్న పోతే మిమ్మల్ని కట్టేరేటండీ? మా మేనత్తలు పల్లెనుంచి దిగి, సూపు ఆనక, మీ ఫోటో కింద కొబ్బరికాయ కొట్టేసేరు. అన్నయ్య సన్నబడిపోయేడని ఏడిసేరు. ఇప్పుడు నాకు సెప్పండి, ఆ కాయ ఎవులికి సెందుతాది?"

తాతబ్బాయి కవర్లోంచి తండ్రి ఫోటో తీసి అందరికీ చూపించాడు. చిన్నమ్మలు కూడా చూసింది. అది ఎర్రిబాబు, ఇది పైడిబాబు అని తేల్చుకునేదాకా ఆవిడ కుదుటపడలేదు. తేల్చుకున్నాక మొగుడి వైపు చూసి, "దండం పెట్టి సెప్తన్నాను, ఆ ఫోటో తీసెయ్యండి," అని లోపలికి వెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ అన్నం వార్చింది.

మోహిత్ ఫోనులో దొరికేసరికి బాగా పొద్దుపోయింది. త్రినాధరావు స్పీకరు పెట్టాడు. పైడిబాబు కొట్టిన లైనుని షాపులో ఫోటో తీయించి మోహిత్‌కి పంపారు. మోహిత్ ఆ లైను పైకి చదివాడు.

"బ్రాకెట్‌కి ముందు స్పేస్ ఎవరిచ్చారు?"

"నానే బాబూ," అన్నాడు పైడిబాబు. "గాలాడాలి గదా."

"అంకుల్, బ్రాకెట్ పేరుకి అంటుకునుంటేనే ఆ పేరుకి చెందుతుంది. విడిగా నిలబడితే ఎవరికీ చెందదు. అప్పుడు దాన్ని అందరికీ ఇచ్చేస్తుంది సిస్టమ్. మీ పేరుకి బ్రాకెట్ లేదు కాబట్టి మీకు చూడ్డమే మిగిలింది. రాయడం సుప్రియకీ, దార్న పోయేవాడికీ కూడా ఇచ్చేరు. మిమ్మల్ని ఎవరూ తీయలేదు. మీరే మిమ్మల్ని తీసేసుకున్నారు."

మొన్నటిదాకా ఎన్ని శుభలేఖల్లో ఎన్ని బ్రాకెట్లకి గాలాడేలా చేశాడో పైడిబాబుకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

తాతబ్బాయికి ఫ్లెక్సులు ఊరికే మళ్ళీ వేసి ఇచ్చారు. కొబ్బరికాయ లెక్క తేలక ఇంకొకటి కూడా కొనిచ్చారు. సబ్బవరంలో ఆ పూటంతా పోయిన ముఖంగా వెలిగిన మనిషి శుభలేఖల మీద చెయ్యి పెట్టకూడదని ఉమాదేవి పట్టుబట్టింది. త్రినాధరావు కాదనలేదు. అరుగు మీద ఆయన అన్న మాటలు నిజమే అయి ఉండొచ్చు. కానీ పోయినాయన గురించి అన్న మాటలు ఉన్నాయన దగ్గర నిలబెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. కొత్త సిస్టమ్ మాట మాత్రం ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం మోహిత్ స్వయంగా వచ్చి వెనక గదిలో కూర్చున్నాడు. త్రినాధరావు పైడిబాబు భుజం మీద చెయ్యి వేశాడు. "నివాళులు ఇకమీద లావణ్య సేసుకుంటాది. ఇద్దరు పిల్లల తల్లి, దానికి ఏ పట్టింపూ లేదు. నువ్వు పైనుంచి సూడు. తప్పుంటే సెప్పు. సేతులు మాత్రం పెట్టకు పైడీ, నీ మంచికే."

పైడిబాబు తలూపాడు. ఉద్యోగం నిలబడింది. జీతమూ తగ్గలేదు. సీటులోకి వెళ్ళి చిన్నమ్మలుకిచ్చిన మాట ప్రకారం నమూనాలోంచి తన ఫోటో తీసేద్దామని చూశాడు. మీకు రాయడానికి అనుమతి లేదు, అంది పైడి. ఫోటో వెలుగులో అలాగే ఉండిపోయింది.

వెనక గదిలోకి తొంగి చూస్తే మోహిత్ లైను పూర్తి చేస్తున్నాడు. ఈసారి పైడి పక్కన బ్రాకెట్ లేదు. సబ్బవరం పక్కన ఉంది, దానికి గట్టిగా అతుక్కుని, మధ్యలో వెంట్రుక దూరే సందు కూడా లేకుండా. చూడ్డానికి మాత్రమే అధికారం మిగిలిన పైడిబాబు ఆ లైను వైపు చూడలేకపోయాడు.